బట్టల దప్పిక

సగం మిషన్లు బుద్ధిగా ఉతుకుతున్నాయి. మిగతా సగం చెరువులు తాగుతున్నాయి.

సోమవారం పొద్దున నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, వాషింగ్ మిషన్లకు కంట్రోల్ బోర్డులు చేసే ఓ చిన్న కంపెనీ మీటింగ్ గదిలో, గోడ మీద పడుతున్న గ్రాఫు చెబుతున్నది అదే. నీలం గీతలు పొట్టిగా, ఎర్ర గీతలు పొడుగ్గా ఉన్నాయి. ఒక్కో గీత ఒక్కో ఇల్లు. ఆ ఇంట్లో మిషన్ ఒకసారి బట్టలు ఉతకడానికి ఎన్ని నీళ్ళు తీసుకుందో గీత అంత పొడుగు. ధనశ్రీ ఆ ఎర్ర గీతల వంక కన్నార్పకుండా చూస్తోంది. బోర్డు ఆమెది. పెట్టుబడి కంపెనీది, పేరూ కంపెనీదే. కానీ డ్రమ్ములో బట్టలు ఎంత బరువున్నాయో తడిమి చూసి, ‘కొంచెమే ఉన్నాయి, ఇన్ని నీళ్ళు చాలు’ అని నిర్ణయించే ఫజ్జీ లాజిక్ మొత్తం ఆమె చేతిరాత. సొంత బిడ్డ ఊళ్ళో సగం మంది ఇళ్ళకెళ్ళి అల్లరి చేసి వచ్చిందని వింటున్న తల్లిలా ఉంది ఆమె మొహం.

“నీలం గీతలు మన ఇంకో ఫిట్టరు సన్నీ బిగించినవి” అన్నాడు మేనేజర్ ఉమామహేశ్వర్, పెన్నుతో గోడ మీద గుచ్చి చూపిస్తూ. “ఎర్రవి దుర్గేష్ బిగించినవి. బోర్డు ఒకటే, ప్రోగ్రాం ఒకటే, మిషన్ మోడలూ ఒకటే. మరి తేడా ఏంటి? బిగించిన చెయ్యి. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలండీ?”

తలుపు దగ్గర హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డ దుర్గేష్ ఒక అడుగు ముందుకు వేశాడు. “సార్, నేనీ పని కొత్తగ జేస్తున్ననా? ట్యూబ్ బిగించుడు నాకు రాదా?”

ట్యూబ్ అంటే డ్రమ్ము అడుగు నుంచి బోర్డు మీది సెన్సర్‌కు పోయే సన్నటి గాలి గొట్టం. నీళ్ళు పెరిగేకొద్దీ అందులో గాలి ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని బట్టి బోర్డుకు నీటిమట్టం తెలుస్తుంది. కొత్త బోర్డు పెట్టేటప్పుడు ఆ గొట్టాన్ని పీకి మళ్ళీ తొడగాలి. తొడిగేటప్పుడు మడత పడితే బోర్డు నీళ్ళు చాల్లేదనుకుని పోయిస్తూనే ఉంటుంది.

“వచ్చు కాబట్టే నిర్లక్ష్యం” అన్నాడు ఉమామహేశ్వర్. “బోర్డులు కొనే కంపెనీవాళ్ళు శనివారం వస్తున్నారు. నీ కాంట్రాక్టు రెన్యూ చెయ్యట్లేదు దుర్గేష్. శనివారం కిట్టు బ్యాగు స్టోర్లో అప్పజెప్పెయ్.”

ఉమామహేశ్వర్ చెడ్డవాడేమీ కాదు. ఆయనకు ప్రపంచం మధ్యలో ఒక గీత ఉండాలి, అంతే. ఇటు పడితే పాసు, అటు పడితే ఫెయిలు. ఫజ్జీ అన్న మాట వింటేనే ఆయనకు నిద్ర మొహంతో ఆఫీసుకొచ్చినవాణ్ణి చూసినట్టుంటుంది.

దుర్గేష్ చంకలోని హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. హెల్మెట్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మళ్ళీ మొదటి చేతిలోకి మార్చుకున్నాడు. ధనశ్రీ లేచి నిలబడింది.

“సార్, శనివారం దాక టైమున్నది గద. నేను పోయి సూసొస్త” అంది.

“వెళ్ళు. ట్యూబ్ ఎక్కడ మడత పడిందో ఫోటో తీసుకురా.”

మధ్యాహ్నం దుర్గేష్ బండి వెనక కూర్చుని, లాబ్‌లో వాడే పరీక్ష తువ్వాళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని ధనశ్రీ ఉప్పల్ బయల్దేరింది. హబ్సిగూడ దాటేదాకా అతను బండి జోరుగా నడిపాడు. ఉప్పల్ రింగు దగ్గర మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్ ఆగిపోయాక మాటలు మొదలుపెట్టాడు.

“ఇంట్ల ఇంక జెప్పలే మేడమ్. జెప్తే మా అమ్మ ముందుగాల సన్నీ గానికి ఫోన్ జేసి తిడ్తది. ఆని గీతలు పొట్టిగుంటె ఆని తప్పా?”

“ఇప్పుడే ఎందుకు జెప్తవన్నా? ముందుగాల సూద్దాం.”

“సూసుడేంది? నేను బిగించిన ట్యూబ్ సందుల పురుగు గూడ దూరదు.”

అతను చెప్పింది నిజమేనని తేలడానికి ఎంతో సేపు పట్టలేదు. రామంతాపూర్‌లో ఒక ఇల్లు చూశారు, ఉప్పల్ మార్కెట్ వెనక ఇంకోటి చూశారు. వెనక మూత విప్పితే గొట్టం మడతా లేదు, లూజూ లేదు. దుర్గేష్ ప్రతి ఇంట్లోనూ గొట్టాన్ని వేలితో మీటి, ధనశ్రీ మొహం వైపు చూసి, మూత బిగించాడు. మూడో ఇల్లు బస్ డిపో వెనక సందులో భూషణం గారిది. ఆయన ఎలక్ట్రానిక్స్ ప్లాంటులో క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ ఆయన స్క్రూడ్రైవర్ ఇంకా రిటైరవలేదు. మూత విప్పుతుంటే దుర్గేష్ భుజం మీంచి తల దూర్చి, “ఆ సోల్డరింగు ఎవరు చేశారు? బానే ఉంది” అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు.

“మీరు పక్కకి జరగండి, వాళ్ళను పని చేసుకోనివ్వండి” అంది ఆయన భార్య మంగతాయారు. ఆమె మాట మీదే ఆ ఇంట్లో మిషన్ తిరుగుతుంది.

ధనశ్రీ పరీక్ష తువ్వాళ్ళు డ్రమ్ములో వేసి బటన్ నొక్కింది. మిషన్ నీళ్ళు తీసుకునే ముందు అటు సగం చుట్టు, ఇటు సగం చుట్టు తిరిగి ఆగింది. బరువును తూచుకోవడం అది. లోపల ఎంత బరువుంటే అంత తొందరగా ఆగుతుంది. ఆ ఆగడాన్ని బట్టి బోర్డు తనలో తాను అనుకుంటుంది: ఇది ‘కొంచెం’ అనడానికి పదింట రెండు వంతులు తగును, ‘ఒక మాదిరి’ అనడానికి ఎనిమిది వంతులు తగును. అప్పుడు ఆ రెంటికీ సరిపడా మధ్యలో నీళ్ళు తీసుకుంటుంది. ఈసారీ అచ్చం అలాగే తీసుకుంది. గీసి ఆపినట్టు సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

“సూసిన్రా!” దుర్గేష్ కాలరు సర్దుకున్నాడు.

సాయంత్రం ఫోన్లో ఉమామహేశ్వర్ మాత్రం కరగలేదు. “మూత విప్పారు కదా, ట్యూబ్ కదిలి సర్దుకుని ఉంటుంది. దీనికి సంబరమెందుకు?”

మంగళవారం ఆఫీసుకు వచ్చీ రాగానే ధనశ్రీ, బోర్డులు ఎప్పటికప్పుడు ఆఫీసుకు పంపే లెక్కల గ్రాఫు తెరిచింది. భూషణం గారింటి గీత ఎర్రగా, నిటారుగా ఉంది. డ్రమ్ము నిండా నీళ్ళు! నిన్న తన కళ్ళ ముందు అంత పద్ధతిగా ఉన్న మిషన్ తెల్లారేసరికి మళ్ళీ చెరువు తాగింది. ధనశ్రీకి నీరసం రావాల్సింది పోయి హుషారు పుట్టింది. తను ఉంటే ఒకలా, లేకపోతే ఒకలా ఉండటానికి అదేమైనా క్లాసులో పిల్లాడా? తను లేనప్పుడు ఆ ఇంట్లో జరిగేదేదో ఉంది. వెంటనే ఫోన్ చేసింది.

“ఆంటీ, ఇయ్యాల బట్టలు మస్తుగ ఏసిన్రా?”

“ఎప్పుడూ వేసేవే అమ్మాయ్. ఇవాళ నల్లా నీళ్ళు వచ్చిన రోజు కదా” అంది మంగతాయారు.

“మల్ల ఎప్పుడేస్తరు?”

“మళ్ళీ నల్లా వచ్చినప్పుడే. ఎల్లుండి.”

“నేనొస్త. నేను వచ్చిన అనుకోకుండ్రి. రోజు ఎట్ల జేస్తరో గట్లనే జేయుండ్రి.”

“నువ్వొచ్చావు అనుకోకుండా నీకు ఉప్మా ఎలా పెట్టనే?” అని నవ్వింది ఆవిడ.

గురువారం తెల్లవారుతూనే ధనశ్రీ మల్కాజిగిరిలో తమ ఇంటి నుంచి బయల్దేరింది. బయల్దేరే ముందు, ఆదివారం నుంచీ పడున్న తన కంపెనీ కుర్తాను బాత్రూంలో సబ్బునీళ్ళ బకెట్లో ముంచి, పాదంతో రెండు తొక్కులు తొక్కి వచ్చింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. ఆమె మాత్రం పెట్టుకోలేదు.

ఆమె వెళ్ళేసరికి దుర్గేష్ అప్పటికే సందు చివర టీ తాగుతున్నాడు. ఇద్దరూ ఇంటి వెనక వరండాలోకి వెళ్ళారు. నల్లా నీళ్ళు మూలనున్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి ధారగా పడుతున్నాయి. మంగతాయారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ముక్కాలి పీట మీద కూర్చుని, బకెట్లో చెయ్యి పెట్టి భూషణం గారి బనీను బయటికి తీసింది. నానిన బనీను. మెడ దగ్గర బ్రష్షుతో బరబరా నాలుగు రుద్దులు రుద్దింది. ఒక పిండు పిండి, నీళ్ళు కారుతుండగానే మిషన్లో పడేసింది. తర్వాత చొక్కా, దాని కాలరు. తర్వాత లుంగీ. ఆ బకెట్ అయ్యాక ఇంకో బకెట్ దగ్గరికి లాక్కుంది.

ధనశ్రీ మిషన్లోకి వంగి చూసింది.

“ఆంటీ, తడి బట్టలు వేస్తున్నరేంది?”

“ఏమే, నానబెట్టకుండా ఎవరైనా వేస్తారా?” మంగతాయారు అంతకంటే ఆశ్చర్యపోయింది. “మిషన్ ఉతుకుతుందని ఎవరన్నారు నీకు? అది జాడిస్తుంది, పిండుతుంది. ఉతికేది మనమేగా.”

మూత పడింది. మిషన్ అటు సగం చుట్టు తిరగబోయి, పావు చుట్టుకే ఉసూరుమంటూ ఆగిపోయింది. ఆగదా మరి! లోపలున్నవి నీళ్ళు తాగి బండల్లా ఉన్న బట్టలు. బోర్డు పాపం నిజాయితీగానే లెక్క వేసింది: అబ్బో, చాలా బట్టలు, నీళ్ళు నిండా పోయాలి. లాబ్‌లో ఆమె వేల సార్లు పరీక్షించింది, పొడి తువ్వాళ్ళతో. నియమాల్లో ఆ మాట రాయనైనా రాయలేదు. బట్టలంటే పొడివేనని అనుకుంది.

ఒక్కసారిగా ఆమెకు తన బకెట్, అందులో తన కుర్తా, దాన్ని తొక్కిన తన పాదం గుర్తొచ్చాయి. అరుగు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

“అన్నా, నేను గూడ ఇయ్యాల పొద్దుగాల నానవెట్టే వచ్చిన! మా అమ్మ జేస్తది, నేను జేస్త. రోజు జేసుకుంట గూడ నాకు తట్టలే!”

“అవ్ మేడమ్, మా ఇంట్ల గూడ నానవెడ్తరు” అన్నాడు దుర్గేష్ అయోమయంగా. “గదేమన్న చెప్పేటి ముచ్చటనా?”

“గదే అన్నా ముచ్చట! సన్నీ బిగించినవన్ని నాచారం హాస్టళ్ళల్ల. ఆ పోరగాళ్ళు నానవెడ్తరా? మూట దెచ్చి మూటే ఏస్తరు. నువ్వు బిగించినవన్ని సంసారాలు.”

దుర్గేష్‌కు అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. అర్థమయ్యాక హెల్మెట్ తీసి గోడ మీద పెట్టాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

ఫోన్లో ఉమామహేశ్వర్ అంతా విన్నాడు. “మరింకేం? వాడేవాళ్ళ తప్పు. పొడి బట్టలే వెయ్యాలని పుస్తకంలో అచ్చేద్దాం.”

ధనశ్రీ ఫోన్ చేత్తో మూసి అడిగింది. “ఆంటీ, నానవెట్టకుండ వేస్తరా?”

“ఈయన బనీన్లనా?” అంది మంగతాయారు. ఆ సంగతి అక్కడితో తేలిపోయింది.

“అయితే తడికి ఒక బటన్, పొడికి ఒక బటన్ పెట్టు” అన్నాడు ఉమామహేశ్వర్.

అదీ అడిగింది. మంగతాయారు మూత ఎత్తి లోపలికి చూపించింది. “ఏది నొక్కాలి? బనీన్లు నానినవి. లంగాలు ఊరికే తడిపినవి. ఈ దుప్పట్లు పొడివి, ఇప్పుడు వేస్తాను. సగం సగం నొక్కడానికేమైనా ఉందా?”

ధనశ్రీ ఫోన్ మీంచి చెయ్యి తీసింది. సగం సగం! సరిగ్గా తన పనే ఆవిడ వంటింటి భాషలో తన ముందు పెడుతోంది. “మేము బటన్ పెట్టము సార్. బోర్డే తెలుసుకోవాలె” అంది ఫోన్లో.

“ఎలా తెలుసుకుంటుంది? చేతులున్నాయా దానికి? చూడు ధనశ్రీ, కథలు వద్దు. అదే ఇంట్లో, అదే ట్యూబ్‌తో, గీత పొట్టిగా రావాలి. అప్పుడు దుర్గేష్ సంగతి మాట్లాడదాం.”

ఫోన్ పెట్టేసేసరికి మంగతాయారు పొడి దుప్పట్లను డ్రమ్ములో నిండిన నీళ్ళ మీద పరిచింది. దుప్పట్లు ముందు తేలాయి, తర్వాత బుడగలు వదులుతూ కుంగాయి. డ్రమ్ము గోడ మీద తడి గీత కనిపించింది. నీళ్ళు దిగాయి. ఎవరూ తీయకుండానే దిగాయి. దుప్పట్లు తాగేశాయి!

“అన్నా!” ధనశ్రీ అరిచిన అరుపుకు ముందు గదిలోంచి భూషణం గారు పరిగెత్తుకొచ్చాడు. “పొడి బట్టకు దప్పికైతది! తడి బట్టకు కాదు! కొన్ని నీళ్ళు పోసి జరసేపు ఆగాలె. మట్టం ఎంత దిగితే అంత దప్పిక. గంతే!”

వెళ్ళే ముందు ఇంకో పని చేశారు. గాలి గొట్టం మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదని శనివారం రుజువు చూపించాలి గనుక రెండు కొసలా టేపు చుట్టారు. “సంతకం నాది” అని భూషణం గారు పెన్ను తెచ్చుకుని, టేపు మీద తారీఖుతో సహా గిలికాడు. రిటైరయ్యాక ఇంత ఆనందంగా ఆయన ఏ కాగితం మీదా సంతకం చేసి ఉండడు.

ఆ మధ్యాహ్నమూ, మర్నాడూ కంపెనీ లాబ్ లాబ్‌లా లేదు, చాకిరేవులా ఉంది. ధనశ్రీ అడిగిందే తడవు సన్నీ హాస్టళ్ళ నుంచి బకెట్లు మోసుకొచ్చాడు. దుర్గేష్ వెళ్ళిపోతాడేమో అన్నది అతనికి సోమవారం నుంచీ మింగుడు పడటం లేదు. అసెంబ్లీ లైన్లో ఆడవాళ్ళు పాత యూనిఫాములు, తువ్వాళ్ళు, ఒకావిడ ఏకంగా పరుపు గలీబులు తెచ్చి ఇచ్చారు. పరీక్ష తువ్వాళ్ళను ధనశ్రీ బీరువాలో పెట్టి తాళం వేసేసింది.

తెల్లబోర్డు మీద కొత్త మాట రాసింది: దప్పిక. దాని కింద మూడు కొండల్లా గీతలు గీసింది, ఒక దాని మీదికి ఒకటి వాలుతున్నట్టు. లేదు, కొంత, చాలా.

“గిదంత ఏంది మేడమ్? తడి అంటె తడి, పొడి అంటె పొడి గద” అన్నాడు సన్నీ.

“మీ అమ్మ బట్టలు ఆరినయా అనడిగితె ఏమంటవ్?”

సన్నీ ఆలోచించాడు. “ఆరినయి గని జేబుల కాడ పచ్చిగున్నయి అంట.”

“మరి ఆరినట్టా, ఆరనట్టా?”

“ఆరినట్టే... జర ఆరనట్టు.”

“ఆ ‘జర’నే నేను అంకెల రాస్తున్న” అంది ధనశ్రీ. “పూర్తిగ పొడి అయితె ఒకటి, అస్సలు కాకపోతె సున్నా. జేబుల కాడ పచ్చిగుంటె పాయింటు ఎనిమిది.”

నియమాలు రాసింది. బరువు ఎక్కువ, దప్పిక కూడా ఎక్కువ అయితే నిజంగానే బట్టలు ఎక్కువ, నీళ్ళు నిండా పొయ్యాలి. బరువు ఎక్కువ, దప్పిక లేదు అంటే ఆ బరువులో సగం నీళ్ళదే, కాబట్టి తక్కువ చాలు. బుట్టలో రెండు రకాలూ ఉంటే రెండు నియమాలూ ఎవరి బలం కొద్దీ వాళ్ళు లాగుతారు, తాడాటలో లాగా. తాడు ఎక్కడ నిలిస్తే అన్ని నీళ్ళు.

మొదటిసారి జీన్సులు దెబ్బకొట్టాయి. అవి నింపాదిగా తాగుతాయి. బోర్డు ఆగిన కాసేపట్లో వాటికి దప్పికే పుట్టలేదు. ఆగే సమయం పెంచింది. తర్వాత సన్నీ ఒక పాలిస్టర్ చీర పట్టుకొచ్చి, “ఇది పొడిగున్నా తాగదు గద మేడమ్?” అనేసరికి ధనశ్రీ అతని చేతిలోంచి చీర అందుకుంది. నిజమే! పాలిస్టర్ పొడిగా ఉన్నా దప్పిక లేదు. బోర్డు దాన్ని తడి బట్ట అనుకుంటుంది. కుర్చీలో కూర్చుని, చీరను ఒళ్ళో పెట్టుకుని, చేత్తో తూచినట్టు ఎగరేసింది. ఎగరేసి పట్టుకుంది. మళ్ళీ ఎగరేసింది.

“సన్నీ, ఇది తేలిగ్గున్నది!”

“అయితె?”

“దప్పిక లేకపోతె లేకపాయె. బరువే లేదు గద! బరువు తక్కువుంటె నీళ్ళు ఎట్లైన తక్కువే. తడి అనుకున్నా ఫికర్ లేదు, పొడి అనుకున్నా ఫికర్ లేదు!”

ఆమె లేచి ఆ చీరను భుజాన వేసుకుని లాబ్ అంతా ఒక చుట్టు తిరిగింది. లైన్లో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకు పూర్తిగా తెలియదు, అయినా కొట్టారు. శుక్రవారం సాయంత్రానికి ఏ బుట్ట వేసినా, నానినవి, పొడివి, కలగలుపువి, మిషన్ బుద్ధిగా ఆగవలసిన చోటే ఆగుతోంది.

శనివారం నల్లా రోజు. ధనశ్రీ లాప్‌టాప్‌తో పొద్దున్నే వరండాలో వాలిపోయింది. బోర్డులో కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. గొట్టం జోలికి పోలేదు. మంగతాయారు బకెట్ల నుంచి నానినవి, పక్క నుంచి పొడివి, మధ్యలో ఊరికే తడిపినవి, తనకు తోచిన వరసలో వేసింది. మిషన్ తిరగబోయి ఆగింది. కొన్ని నీళ్ళు తీసుకుంది. ఆగింది. దుర్గేష్ ముందుకు వంగాడు. భూషణం గారు వాచీ చూశాడు. మట్టం కొంచెం, కొంచెమంటే కొంచెమే దిగింది. మిషన్ ఇంకాస్త నీళ్ళు తీసుకుని, సగానికి పైన ఒకచోట నీళ్ళు ఆపేసి ఉతకడం మొదలుపెట్టింది.

“అంతేనా? చాలవేమో!” అంది మంగతాయారు అనుమానంగా. బట్టలు బయటికి తీశాక కాలర్లు వెలుగులో తిప్పి తిప్పి చూసింది, వాసన చూసింది. “బానే పోయింది” అంది చివరికి. ధనశ్రీ ఆవిడను కావలించుకుంది. ఆవిడ తడి చేతులు పైకెత్తి, “ఏయ్, తడుస్తావే” అంది.

మీటింగ్ గదిలో గోడ మీద భూషణం గారింటి గీత పొట్టిగా పడింది. దాని పక్కనే, సంతకం చెక్కు చెదరని టేపు ఫోటో. కొనే కంపెనీవాళ్ళు రావడానికి ఇంకా కాస్త సమయముంది. ఉమామహేశ్వర్ లేచి ధనశ్రీకి చెయ్యిచ్చాడు. మనస్ఫూర్తిగానే ఇచ్చాడు.

“అదరగొట్టావ్. దప్పిక! మంచి పేరు పెట్టావు. కూర్చో, వాళ్ళకు ఇవ్వడానికి కారణం ఒక్క పేజీ రాసేద్దాం” అని లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు. “వాడకం నలభై శాతం. డిజైన్ ముప్పై. బిగింపు ముప్పై. అందరికీ తలా కాస్త.”

“బిగింపు ఎందుకు సార్?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “సోమవారమే వాళ్ళకు మెయిల్ పెట్టేశాను. ఫిట్టరు తప్పని, తీసేస్తున్నామని. ఇప్పుడు ఆ ఊసే లేకపోతే మనమేదో గాల్లో రాసినట్టుంటుంది. ముప్పై కాకపోతే ఇరవై వేద్దాం. ఇరవై ఎవరికి బరువు?”

“ఇరవై ఉంటె దుర్గేష్ ఉంటడా సార్?”

ఆయన కళ్ళజోడు ఇంకోసారి తుడిచాడు. “మొత్తం డిజైన్ అని రాస్తే డిజైన్ ఎవరిదని అడుగుతారు. వచ్చే దశకు నిన్ను పెట్టమంటారో, వాళ్ళ ఇంజనీరును పెడతారో చెప్పలేను. నీ కోసమే చెబుతున్నా” అన్నాడు. అది కూడా నిజమేనని ధనశ్రీకి తెలుసు. ఆ బోర్డును ఇంకొకరి చేతిలో పెట్టి తను పక్కన నిలబడటం ఊహించుకుంది. నీలం, ఎరుపు గీతల వైపు ఒకసారి చూసింది.

“సున్నా రాయుండ్రి సార్.”

“దేనికి?”

“బిగింపుకు. సున్నా. వాడకానికి గూడ సున్నా. బట్టలు నానవెట్టుడు తప్పు కాదు. బోర్డుకు ఒకటి.”

ఉమామహేశ్వర్ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం తక్కువ, అలసట ఎక్కువ. “మూడేళ్ళుగా నాకు పాఠం చెబుతున్నావు కదమ్మా, లోకంలో ఏదీ సున్నా కాదు, ఏదీ ఒకటి కాదు, అంతా మధ్యలోనే ఉంటుందని. నీ లెక్కనే నేను నేర్చుకుంటే ఇప్పుడు ఇలా అంటావేంటి?”

“మధ్యల గూడ ఉంటదని చెప్పిన సార్. మధ్యల్నే ఉంటదని చెప్పలే. సున్నా నుంచి ఒకటి దాక అంటె సున్నా గూడ అందులున్నది, ఒకటి గూడ ఉన్నది. తెల్వనప్పుడు, నిజంగనే రెండూ కలిసున్నప్పుడు మధ్యల రాస్తం. దుర్గేష్ ట్యూబ్ నేను మూత విప్పి సూసిన, మీరు ఫోటో సూసిన్రు. ఇక్కడ తెల్వంది ఏమున్నది? మనకు ఇబ్బంది కాకుండ ఒక మనిషికి ఇరవై రాస్తె, అది లెక్క కాదు సార్.”

ఉమామహేశ్వర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. తర్వాత రెండు వేళ్ళతో, టైపు నేర్చుకుంటున్నవాడిలా, మెల్లగా కొట్టాడు. బిగింపు: సున్నా. వాడకం: సున్నా. మూడో వరసలో అంకె వేసి, ఆమె మొహం చూసి, చెరపకుండా వదిలేశాడు.

“మెయిల్ నేను దిద్దుకుంటాలే” అన్నాడు. “వాళ్ళు అడిగితే మాత్రం నువ్వే చెప్పుకో.”

“చెప్త సార్.”

బయట స్టోరు కౌంటరు మీద దుర్గేష్ కిట్టు బ్యాగు పెట్టి, సామాన్లు ఒక్కొక్కటే తీసి వరసగా పేరుస్తున్నాడు. పానాలు, టేపు, మిగిలిన గొట్టం చుట్ట. పద్ధతైన మనిషి. ధనశ్రీ వెళ్ళి ఏమీ మాట్లాడకుండా వాటిని మళ్ళీ బ్యాగులో వెయ్యడం మొదలుపెట్టింది. అతను చూస్తూ నిలబడ్డాడు.

“ఉంచిన్రా మేడమ్?”

“ఉంచిన్రు. సోమవారం నుంచి మిగిలిన ఇండ్లల్ల కొత్త ప్రోగ్రాం ఎక్కియ్యాలె. మనిద్దరమే పోవాలె.”

దుర్గేష్ గొట్టం చుట్ట ఆమెకు అందించాడు. “మరి తప్పెవరిదని రాసిన్రు?”

“నాదని.”

“ఎంత?”

“మొత్తం.”

అతను ఆమె చేతిలోంచి బ్యాగు తీసుకున్నాడు. జిప్పు లాగబోయి ఆగాడు. మీటింగ్ గది వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. సోమవారం నుంచీ తన మీద పడ్డ మచ్చను ఇంట్లో కూడా చెప్పుకోలేక కుమిలిపోయిన మనిషి, గొంతు తగ్గించి, ఎవరూ వినకుండా అడిగాడు.

“గట్లెట్ల మేడమ్? మొత్తం మీ ఒక్కరి మీదనే ఏసుకుంటరా? నాకు గూడ జరంత రాయుండ్రి.”

ధనశ్రీ కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపింది. గేటు దగ్గర కారు హారన్ వినిపించింది. కొనే కంపెనీవాళ్ళు వచ్చారు. ఆమె కుర్తా సర్దుకుని వాళ్ళకు ఎదురు వెళ్ళింది.